నొప్పి తిరిగొచ్చిన సంతోషం

ఆల్వినా కీస్లింగ్ చేతులకు ఆ సంగతి ఎప్పుడు తెలిసింది? తెలిసే ఆమె ఊరుకుందా, తెలియకనే రోజులు గడిచిపోయాయా? ఈ ప్రశ్న నాతోపాటే ముసలిదైంది. ఒక్కో రోజు ఒక్కో జవాబు సరైనదనిపిస్తుంది, మర్నాటికి అది నిలవదు. ఆమెనే అడుగుదామంటే ఎక్కడుందో తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు.

ఊళ్ళో ఇప్పుడు ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. ఎరిగినవాళ్ళు కూడా "చేతులంటే ఆవిడవే" అని అక్కడితో ఆపేస్తారు. ఆల్వినా, ఆమె భర్త కలిసి వైద్యం చేసే చోట, ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు వరసగా పిలవడం నా ఉద్యోగం. పని లేనప్పుడు పుస్తకం చదువుకునేదాన్ని. చదువుతున్న మనిషి ఎదురుగా ఉంటే జనం ఆ గదిలో ఎవరూ లేనట్టే మాట్లాడతారు. అందువల్ల చాలా విన్నాను.

మాది అమెరికాలోని అయోవాలో, మిసిసిపి నది ఒడ్డున, మొక్కజొన్న గిడ్డంగుల చుట్టూ పెరిగిన ఊరు. ఆల్వినా పుట్టింది ఊరికి దూరంగా, పాడి ఉన్న ఇంట్లో. బడికెళ్ళే వయసులో గుర్రం నడుం మీద తన్నింది. మంచం పట్టింది. డాక్టర్లు వచ్చి చూశారు, కట్లు కట్టారు, చివరికి "ఇక నడవదమ్మా, కుట్టుపని నేర్పించండి" అని తల్లితో చెప్పి వెళ్ళిపోయారు. తండ్రి ఊరుకోలేదు. బండిలో గడ్డి పరిచి, పిల్లను దాని మీద పడుకోబెట్టి, నదికి ఎగువన ఉన్న పట్నానికి తీసుకెళ్ళాడు. వెన్ను సర్దే విద్య, కైరోప్రాక్టిక్, పుట్టింది ఆ పట్నంలోనే. మందు ఇవ్వకుండా, కత్తి పెట్టకుండా, వెన్నుపూసల్ని ఉత్త చేతులతో సర్ది పంపేవాళ్ళు అక్కడ వీధికొకరు ఉన్నారు. పడుకుని వెళ్ళిన పిల్ల, మంచు కరిగే వేళకు, తండ్రి పక్కన కూర్చుని పగ్గాలు తనే పట్టుకుని తిరిగొచ్చింది.

ఇది ఊరు చెప్పుకున్న మాట. ఆమె మాత్రం "నా కాళ్ళు వాళ్ళిచ్చినవి" అనేది, అంతే. పెద్దయ్యాక ఆ పట్నంలోనే ఆ విద్య నేర్చుకుంది. నేర్చుకునేటప్పుడు ఒకరి వెన్ను మీద ఒకరు చెయ్యి తిప్పుకోవాలి. ఆమె మొట్టమొదట సర్దిన వెన్ను క్లెమ్ కీస్లింగ్‌ది.

"పెళ్ళాం కాకముందే నా మెడ విరిచింది" అని క్లెమ్ ముందుగదిలో కొత్తవాళ్ళందరికీ చెప్పేవాడు.

"విరిగిన మెడలోంచి ఇంత వాగుడు ఎలా వస్తోందో అడగండి" అని లోపలి నుంచి ఆమె.

క్లెమ్ భారీ మనిషి. అతను నడిస్తే మా గది నేల చెక్కలు మూలిగేవి. ఆమె పొట్టి. కానీ మోచేతి నుంచి మణికట్టు దాకా పాలు పితికేవాళ్ళ చేతులు. మొదట్లో మగవాళ్ళు క్లెమ్ దగ్గరికి, ఆడవాళ్ళు ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళు. తర్వాత్తర్వాత మొండి నొప్పులన్నీ, ఆమె మనుషుల్ని పడుకోబెట్టి సర్దే బల్ల మీదికే చేరాయి. "నేను తలుపు తడతాను, మా విన్నీ తాళం తీస్తుంది" అనేవాడు క్లెమ్, చిన్నబుచ్చుకోకుండా. ఆల్వినాను అతను విన్నీ అనే పిలిచేవాడు.

పొద్దున తలుపులు తీయకముందు ఒకరి వెన్ను ఒకరు సర్దుకోవడం వాళ్ళ నియమం. ముందు ఆమె బోర్లా పడుకునేది, తర్వాత అతను. పోట్లాడుకున్న మర్నాడు కూడా మానలేదు. అలాంటి పొద్దుల్లో నేను కాఫీ పెడుతుంటే లోపల్నుంచి కేకలు వినపడేవి.

"చంపుతావా ఏంటే!"

"నిన్న అన్న మాట వెనక్కి తీసుకో, చెయ్యి తేలికవుతుంది."

కాసేపటికి ఇద్దరూ మెడలు తిప్పుకుంటూ కాఫీకి వచ్చేవాళ్ళు.

రోగానికి పేరు పెట్టకపోవడం వాళ్ళ విద్యలో ఇంకో నియమం. వాళ్ళ కుర్రతనంలో, చట్టం ఇంకా వాళ్ళను ఒప్పుకోని రోజుల్లో, రోగం పేరు పలికినందుకే కొందరు జైలుకెళ్ళారట. పేరు పెట్టడం డాక్టర్ల హక్కు. ఆ భయమే పోనుపోను నిష్ఠగా మారింది. ఎవరైనా వచ్చి "నాకు ఫలానా జబ్బని డాక్టరు చెప్పాడు" అంటే ఆల్వినా చెయ్యెత్తి ఆపేసేది. "ఆ పేరు గుమ్మం బయటే వదిలి రండి. నేను జబ్బును చూడను, వెన్నును చూస్తాను." వెన్ను సరిగ్గా ఉంటే మిగతాది ఒంట్లో పుట్టుకతో ఉన్న తెలివే చూసుకుంటుందని వాళ్ళ నమ్మకం.

వెన్ను సర్దాక, ఎప్పుడో మానిన పాత నొప్పి మళ్ళీ పైకి వస్తే అది మంచి గుర్తు అని కూడా నమ్మేవాళ్ళు. జబ్బు తాను వచ్చిన దారినే వెనక్కి నడుస్తుందట. కొత్తది ముందు పోయి, దాని వెనకున్న పాతది బయటపడి, అదీ పోయి, చివరికి ఒళ్ళు శుభ్రపడుతుంది. అందుకే మా ముందుగదిలో నొప్పి ఎక్కువైన మనిషికి ఎంతో గౌరవం. పందులు పెంచే రూడీ థీసెన్ ఒకరోజు వంకరగా నడుస్తూ వచ్చి, "డాక్, సైన్యంలో ఉన్నప్పటి భుజం నొప్పి తిరిగొచ్చింది!" అని అరిచాడు. క్లెమ్ బయటికొచ్చి చెయ్యి కలిపాడు. కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నాకు మోకాలిదాకానే వచ్చింది, ఈయనకు సైన్యందాకా వెళ్ళింది" అని ఎడ్నా ప్రాస్ట్ అసూయపడింది. చర్చిలో పియానో వాయించే మనిషి, నోరు ఊరుకోదు. "కొందరి అదృష్టం."

నేనూ చప్పట్లు కొట్టాను. రూడీ భుజం నిజంగానే బాగైంది కూడా. ఆ నమ్మకాన్ని నిలబెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కొన్నేళ్ళకు, మొక్కజొన్న కోతలప్పుడు, క్లెమ్ ఒక పొద్దున వెన్ను సర్దించుకుని బయటికి వస్తూ వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి చూపించాడు.

"విన్నీ, ఇక్కడ. రెండు రెక్కల మధ్య. గడ్డివాము అటక మీంచి పడ్డానని చెప్పలా, చిన్నప్పుడు? సరిగ్గా ఆ చోటే!"

ఆమె ముఖం వెలిగింది. ఇన్నేళ్ళు పొద్దుపొద్దునా సర్దిన వెన్ను, చివరికి అతని చిన్నతనం దాకా వెనక్కి నడిచింది. ఆ మధ్యాహ్నం ఆపిల్ పై చేసి ముందుగదిలో అందరికీ పంచింది. రూడీ రెండోసారి అడిగి తీసుకున్నాడు.

మంచు పడేసరికి క్లెమ్ వెల్లకిలా పడుకోలేకపోయాడు. కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు. పొద్దున కళ్ళ కింద నల్లగా ఉండేది గాని మాట తగ్గలేదు. "పడ్డప్పుడు కూడా ఇలాగే, మా అమ్మ నన్ను దిండ్ల మధ్య కూర్చోబెట్టింది. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ వస్తున్నాయి చూడు" అనేవాడు. ఆమె తలూపేది. ఆమె తలూపుతుంటే మాకు ఇంకేం సందేహం?

ఫిబ్రవరిలో ఒక పొద్దున. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. ఆమె వంతు అయింది, క్లెమ్ బోర్లా పడుకున్నాడు. ఎముక సర్దుకునే 'టక్' చప్పుడు కోసం నా చెవి అలవాటుగా ఎదురుచూసింది. రాలేదు. ఆమె చెయ్యి అతని వీపు మధ్యలో ఆగి ఉంది. నొక్కడం లేదు, తీయడం లేదు.

"ఏమైంది?" అన్నాడు క్లెమ్, తలగడలోకి.

"ఏం లేదు. చేతులు చల్లగా ఉన్నాయి."

కిటికీ కింద, గదిని వెచ్చబరిచే ఆవిరిగొట్టం దగ్గరికి వెళ్ళి చేతులు కాచుకుంది. వాటిని తిప్పి తిప్పి కాచుకుంది. గొట్టం మీది పెయింటు వాసన నా దాకా వచ్చింది. తిరిగొచ్చి చెయ్యి వేసింది గాని ఆ చోట కాదు, నడుం దగ్గర, పసిపిల్లను నిద్రపుచ్చేటప్పుడు వేసినట్టు.

"గట్టిగా చెయ్యవే, నేనేమన్నా గుడ్డునా?"

"ఇవాళ్టికి ఇది చాలు."

ఆ రోజు నుంచి అతని వీపు మధ్య చోటు ఆమె ముట్టుకోలేదు. నా ప్రశ్న అక్కడ పుట్టింది. తెలియకపోతే అంత మెత్తగా ఎందుకు చేసింది? తెలిస్తే ఎందుకు చెప్పలేదు? పేరు పలకకూడని మనిషికి ఆ పేరు లోపలైనా పలుకుతుందా? ఏమో.

మంచు కరుగుతున్నప్పుడు పోస్టాఫీసులో ఆల్వినాకు, నాకు మా ఊరి డాక్టరు ప్రూయిట్ ఎదురయ్యాడు. డాక్టర్లు వెన్ను సర్దేవాళ్ళతో మాట్లాడటం అప్పట్లో వాళ్ళ సంఘం దృష్టిలో తప్పు. మేం ఎదురుపడితే ఆయన రోడ్డు దాటి అటుపక్కకు వెళ్ళిపోయేవాడు. ఆవేళ మాత్రం టోపీ తీసి ఆల్వినా ముందు నిలబడ్డాడు.

"మీ ఆయన ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఒకసారి నా దగ్గరికి తీసుకురండి, ఎక్స్‌రే తీయిద్దాం."

"మీరు నన్ను పలకరించడం ఇదే మొదలు, డాక్టర్ ప్రూయిట్. ఇన్నాళ్ళూ మా గుమ్మం ముందు ఉమ్మి వెళ్ళేవారు."

"ఉమ్మలేదు. దగ్గొచ్చింది."

"రోజూ అక్కడికొచ్చాకే వచ్చేది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి వస్తున్న దారిలో ఆమె చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. జారే దారి కదా అనుకున్నాను.

ఏప్రిల్‌లో క్లెమ్ రూడీ వెన్ను సర్దుతూ అతని మీదే పడిపోయాడు. నడుం కింద ఏమీ లేనట్టు పడ్డాడు. రూడీ లేచి, తనకంటే పెద్ద మనిషిని చంటిపిల్లాడిలా ఎత్తుకున్నాడు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తామంటే క్లెమ్ ఒప్పుకోలేదు. ఆల్వినా ఒక్కమాట అంది. "వెళ్దాం క్లెమ్." ఆ గొంతు విని అతను ఎదురు చెప్పలేదు.

నేనూ వెంట వెళ్ళాను. అక్కడి వైద్యుడు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎక్స్‌రే బొమ్మను వెలుగుకు పట్టి చూపించాడు. వెన్నుపూస లోపల గడ్డ. ఎక్కడో పుట్టి అక్కడికి చేరిందట, పూసను తినేసిందట. కోసి తీయడానికి ఏమీ మిగల్లేదన్నాడు.

"కోతల కాలంలో తెచ్చి ఉంటే?" అని ఆమె అడిగింది.

"కాళ్ళు కొన్నాళ్ళు నిలిచేవేమో. ప్రాణం సంగతి నేను చెప్పలేను."

"నేను రోజూ చెయ్యి వేశాను. దానివల్ల..."

"తెలియదమ్మా" అన్నాడు. ఆయన అబద్ధమాడి ఉంటే బాగుండేది. ఏ వైపు ఆడినా సరే.

ఇంటికి తెచ్చి కిటికీ పక్కన మంచం వేశాం. క్లెమ్ తనకేమైందో విన్నాడు, నమ్మలేదు. అటక మీంచి పడ్డ రోజున తన కాళ్ళు మొద్దుబారాయని అతనికి గుర్తొచ్చింది. "గంటసేపు స్పర్శ లేదు విన్నీ! మా నాన్న సూదితో గుచ్చినా తెలియలేదు. ఇప్పుడు ఆ గంటలో ఉన్నాం మనం. ఇదే ఆఖరుది. ఇది దాటితే అయిపోయినట్టే."

"అవును" అంది ఆమె.

"నువ్వు మానకు. పొద్దున్నే చెయ్యి వెయ్యి."

"వేస్తున్నాగా."

పొద్దున్నే అతన్ని పక్కకు తిప్పి, వీపు మీద చెయ్యి ఊరికే ఆనించి, నాలుకతో 'టక్' మని చప్పుడు చేసేది. నేను గుమ్మంలో ఉన్నాను, చూశాను. అతను హాయిగా ఊపిరి వదిలాడు. "ఆఁ, అదీ! కదిలింది." మొక్కజొన్న నడుమెత్తు పెరిగేదాకా అలాగే జరిగింది. ఆ తర్వాత ఆ గంట దాటలేదు, అతనే వెళ్ళిపోయాడు.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. వంటిల్లు వాళ్ళు తెచ్చిన పంది మాంసం పళ్ళేలతో, బంగాళాదుంప కూరతో నిండిపోయింది. ఒక్కరు కూడా ఆమెను ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఆమె మా మధ్య ఉండేదేమో అనిపిస్తుంది.

"ఆసుపత్రి గుమ్మం ఎక్కకుండా ఉండాల్సింది" అన్నాడు రూడీ కాఫీ తాగుతూ. "నేనే ఎత్తి బండిలో పెట్టా. చేతులు నరుక్కోవాలి."

"కత్తితో కోసేవాళ్ళకు అప్పగిస్తే ఇంకేం మిగులుతాడు" అని ఎడ్నా కళ్ళు తుడుచుకుంది.

"వాళ్ళు కత్తి ముట్టనేలేదు ఎడ్నా" అంది ఆల్వినా. "బొమ్మ తీసి చూపించారు. గడ్డ ఉంది. నా చేతి కిందే ఉంది. నేను నొప్పి తిరిగొచ్చిందని ఆపిల్ పై చేసి పెట్టాను."

"మీరు మంచివారు కాబట్టి ఆ తప్పు మీద వేసుకుంటున్నారు."

"కాదు, వినండి..."

"దుఃఖం డాక్టరమ్మా, దుఃఖం. తినండి కాస్త."

అంత్యక్రియలైన కొన్నాళ్ళకే తలుపులు తీయాల్సి వచ్చింది. క్లెమ్ దగ్గరికి వచ్చే మనుషులు కూడా ఆమె బల్ల మీదికే వచ్చారు. రద్దీ ఎక్కువైంది. ఆమె చెయ్యి వేసేది, నొప్పులు తగ్గేవి, జనం దండం పెట్టినంత పనిచేసి వెళ్ళేవాళ్ళు. కొందరిని డాక్టరుకు చూపించుకోమని చెప్పి చూసింది. వాళ్ళు నొచ్చుకున్నారు. ఒకావిడ "నా వెన్ను మీకు విసుగొచ్చిందా?" అని ఏడ్చింది.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి నన్ను అడిగింది. "ఈ విద్య అబద్ధమైతే నేనెలా నడుస్తున్నాను, చెప్పు? నిజమైతే ఆయన ఎందుకు లేడు?"

ఆమె నీళ్ళు కట్టేసి, తువ్వాలు మడతపెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. నేను పుస్తకాలు చదివే మనిషినని నా దగ్గర ఏదో ఉంటుందనుకుంది కాబోలు.

మళ్ళీ కోతలొచ్చాయి. గది నిండా జనం ఉన్న ఒక పొద్దున రూడీ థీసెన్ తలుపు తోసుకుని వచ్చాడు. మనిషి చిక్కాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"డాక్టరమ్మా, వచ్చేసింది! ట్రాక్టరు మీంచి పడ్డప్పటి నడుం నొప్పి! క్లెమ్ ఉంటే ఎంత సంతోషించేవాడో!"

ఎడ్నా చప్పట్లు మొదలుపెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఆల్వినా లోపలి గుమ్మంలో నిలబడి ఆ చప్పట్లన్నీ అయ్యేదాకా చూసింది.

"లోపలికి రండి రూడీ."

తలుపు పూర్తిగా పడలేదు. వాళ్ళ మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"పడుకుంటే ఎక్కువవుతోందా?"

"ఆఁ, పడుకోలేను. కుర్చీలో నిద్ర."

"చిక్కారు మీరు."

"పనెక్కువ కదా కోతలప్పుడు."

"రూడీ, ఇవాళే ప్రూయిట్ దగ్గరికి వెళ్ళండి. ఇక్కణ్ణుంచి నేరుగా వెళ్ళండి. నేనూ వస్తాను."

"ఆ దగ్గుగాడి దగ్గరికా?" రూడీ నవ్వాడు.

"క్లెమ్‌కి ఇలాగే మొదలైంది."

"క్లెమ్‌ను చంపింది ఆసుపత్రి."

"ఆసుపత్రి కాదు. నేను."

తర్వాత రూడీ గొంతు. అతను అంత మెత్తగా మాట్లాడగలడని నాకు తెలియదు. "అట్టా అనొద్దు తల్లీ. నా పెళ్ళాం కాన్పు తర్వాత లేవలేకపోతే లేపి నిలబెట్టింది ఎవరు? మీరు కాదూ? మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నా ఒంటి మీద పడనివ్వను. చచ్చినా సరే. రండి, కానివ్వండి." బల్ల మీది తోలు కిర్రుమంది. అతను బోర్లా పడుకున్నాడు.

ఆమె బయటికొచ్చింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. కొక్కేనికి ఉన్న కోటు తీసి, తెల్ల అంగీ మీదే తొడుక్కుని, చేతిసంచీ తీసుకుంది. ప్రూయిట్‌ను పిలుచుకు రావడానికి వెళ్తోందనుకున్నాను. నా బల్ల పక్కనుంచే నడిచింది. నావైపు చూడలేదు.

"బయట చలిగా ఉంది, తలకేమన్నా కట్టుకోండి" అంది ఎడ్నా.

ఆమె తలుపు వేసి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే, ప్రూయిట్ ఇల్లున్న వైపు కాకుండా, గిడ్డంగి ముందు బస్సు ఆగే చోటుకు నడుస్తోంది. అక్కడ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. నేను లేచి తలుపు తీసి పిలవచ్చు. పిలిస్తే వస్తుందేమోనని భయమేసింది. వచ్చి ఏం చేస్తుంది?

"డాక్టరమ్మా!" లోపల్నుంచి రూడీ కేకేశాడు. "బోర్లా పడుకుంటే ఊపిరాడట్లేదు, త్వరగా!"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, అటుపక్క కిటికీ దగ్గర కూర్చుంది.